అరికాళ్ల మంటలతో నిద్ర పట్టడం లేదా? ఇంట్లో ఏం చేయాలి, డాక్టర్‌ని ఏం అడగాలి

"పగలు పనిలో పడితే తెలియదండీ. రాత్రి మంచం ఎక్కగానే మొదలవుతుంది. అరికాళ్లు మండిపోతాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. ఏం చేయమంటారు?"

షుగర్ ఉన్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట వరుసగా రాస్తే మేలనిపించింది. నేను డాక్టర్‌ని కాను. పదకొండేళ్లుగా మా అమ్మ పాదాలు చూసుకుంటున్న కూతుర్ని. ఆవిడ మొదటిసారి తన బాధ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మిరపకళ్లంలో చెప్పుల్లేకుండా నడిచొచ్చినట్టుందే అమ్మాయ్." మాది గుంటూరు వైపు. ఆ మాట చాలు, మా ఊళ్లో ఎవరికీ ఇంకేం వివరించక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. రాత్రి మండే పాదమూ, పగలు ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదమూ ఒకటే. నరం పాడైతే లేని మంటను ఉన్నట్టు చెబుతుంది, ఉన్న గాయాన్ని దాచిపెడుతుంది. కాబట్టి మంట తగ్గించుకునే పనీ, పాదాన్ని కాపాడుకునే పనీ కలిసే సాగాలి. మంట తగ్గింది కదా అని రెండోది వదిలేసినవాళ్లు వేళ్లు పోగొట్టుకోవడం నేను చూశాను.

ఇది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

రెండు పాదాల్లోనూ వేళ్ల చివర మొదలై, మేజోడు తొడిగినట్టు నెమ్మదిగా పైకి పాకే మంట, తిమ్మిరి. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉండడం. ఉండుండి కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. నడిస్తే దూది మీద నడిచినట్టుండడం. మీ బాధ ఇలా ఉంటే, షుగర్ కూడా ఉంటే, ఇది మీ కోసమే.

కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మిగతాది తర్వాత చదవచ్చు.

- బాధ ఒక్క కాలిలోనే ఉండి, నడుము నుంచి కిందికి లాగుతుంటే.
- కొద్ది రోజుల్లోనే కాళ్లలో పట్టు తగ్గి, పాదం ఎత్తలేక ఈడ్చి నడుస్తుంటే.
- మూత్రం, విరేచనం అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా. దీనికి తెల్లారేదాకా కూడా ఆగకండి.
- పాదం ఎర్రగా, వేడిగా వాచి, ఆ వాపుకు తగినంత నొప్పి లేకపోతే. లోపల ఎముకలు దెబ్బతింటూ ఉండవచ్చు. ఆ కాలి మీద బరువు వేయకుండా వెళ్లండి.
- పుండు, చీము, నల్లబడిన వేలు, జ్వరం.

నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి వేరు. అది రక్తం సరిగా అందకపోవడం వల్ల కావచ్చు. పడుకుంటే కాళ్లు కదిలించకుండా ఉండలేక, లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా అనిపించడం ఇంకో రకం. దానికి ఒంట్లో ఐరన్ తగ్గిందేమో చూపించుకోవాలి.

అక్కి లేచి తగ్గాక ఆ చోటే నెలల తరబడి మండడం కూడా నరాల నొప్పే. మందులు చాలావరకు ఇవే అయినా, దాని సంగతి ఇక్కడ రాయడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మన వైపు అక్కి లేస్తే రాయించుకుని ఊరుకుంటారు. రాయించుకోండి, కాదనను. కానీ పొక్కులు లేచిన 72 గంటల్లోపు డాక్టర్ ఇచ్చే వైరస్ మందు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. కంటి పక్కన లేస్తే అదే రోజు చూపించాలి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను
- ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ, విటమిన్లతో సహా
- చేతి అద్దం, ఫోన్ టార్చి
- అట్టపెట్టె, లేదా పొట్టి ప్లాస్టిక్ స్టూలు (ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను)
- వదులుగా ఉండే తెల్ల కాటన్ సాక్సులు. తెల్లవే ఎందుకంటే రక్తం, చీము వెంటనే కనిపిస్తాయి
- కొబ్బరినూనె లేదా వాజలీన్
- మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు, మడమ వెనక పట్టీ ఉన్నవి. ఇంట్లోకి ఒక జత, బయటికి ఒక జత

1. నొప్పిని లెక్కలో పెట్టండి

ఇది అందరూ వదిలేసే మెట్టు. కానీ లెక్క లేకపోతే మందు పనిచేసిందో లేదో నెల తర్వాత మీకూ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. "ఏదో కాస్త పర్లేదండీ" అంటే ఆయనేం చేస్తారు? అదే మందు మళ్లీ రాస్తారు.

రోజూ పొద్దున్నే మూడు విషయాలు రాయండి: రాత్రి నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకు మించి ఊహించలేం.

పెద్దవాళ్లకు ఈ పది లెక్క ఎక్కదు. మా అమ్మ ఎప్పుడడిగినా "పదికి పది" అనేది. చివరికి "రూపాయిలో ఎన్నణాలమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "పన్నెండణాలు" అంది. ఆ రోజు నుంచి మా పుస్తకంలో అణాల లెక్కే. పదహారణాలంటే భరించలేని నొప్పి, నాలుగణాలంటే ఉన్నా నిద్ర పడుతుంది. మీ ఇంట్లో ఏ లెక్క సులువైతే అదే పెట్టుకోండి, మధ్యలో మాత్రం మార్చకండి.

మందు మొదలుపెట్టకముందు కనీసం వారం రోజుల లెక్క ఉండాలి. నొప్పి ఎలా ఉందో కూడా మీ మాటల్లోనే రాయండి: మంట, పోటు, తిమ్మిరి, షాక్. వట్టి "కాళ్ల నొప్పులు" అని చెబితే కీళ్ల నొప్పి మాత్రలు రాసే ప్రమాదం ఉంది.

2. కారణం వెతికించండి

షుగర్ ఉంది కాబట్టి షుగర్ వల్లే అనుకోవడం తేలిక. చాలాసార్లు నిజం కూడా. కానీ పక్కన ఇంకో కారణం ఉండి, అది సరిచేయగలిగేదైతే దాన్ని వదిలేయడం అన్యాయం. డాక్టర్‌ని ఈ పరీక్షల గురించి అడగండి: విటమిన్ బి12, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ.

బి12 గురించి కాస్త వివరంగా చెప్పాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో బి12 తగ్గవచ్చు. మాంసం, గుడ్లు తినని ఇళ్లలో ఇంకా తొందరగా తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకుంటే అదీ తోడవుతుంది. బి12 లోపం వల్ల వచ్చే తిమ్మిర్లు అచ్చం షుగర్ తిమ్మిర్లలాగే ఉంటాయి. ఇక్కడ జరిగే పొరపాటు: ముందు బలం ఇంజెక్షన్లు చేయించుకుని, తర్వాత పరీక్షకు వెళ్లడం. ఇంజెక్షన్ తర్వాత రిపోర్టులో అంకె ఎక్కువే చూపిస్తుంది, అసలు లోపం ఉండేదో లేదో ఇక తేలదు. మా అమ్మకు ఒక క్లినిక్‌లో ఏ పరీక్షా లేకుండా ఏడాది పాటు వారం వారం ఇంజెక్షన్లు వేశారు. మంట ఒక్క అణా తగ్గలేదు. ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే సూది.

లోపం తేలిందని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. బి12 భర్తీ చేస్తూ దాన్ని కొనసాగించవచ్చు.

ఇప్పుడు మందుల షీట్లన్నీ మంచం మీద పరచండి. ప్రతి షీటు వెనక బి6, అంటే పైరిడాక్సిన్, ఎన్ని మిల్లీగ్రాములుందో చూసి రోజు మొత్తం కూడండి. ఒకరు రాసిన నరాల మాత్ర, ఇంకొకరు రాసిన బి కాంప్లెక్స్, మెడికల్ షాపులో ఇచ్చిన మరో బలం మాత్ర, మూడింటిలోనూ అదే ఉండవచ్చు. బి6 ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం తీసుకుంటే దానివల్లే నరాలు దెబ్బతింటాయి. విటమినే కదా, ఎంతైనా మంచిదే అనుకోకండి. వచ్చిన మొత్తాన్ని రాసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి. టీబీ మందులు, క్యాన్సర్ మందులు వాడినా చెప్పండి. ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలుంటే కుష్టు పరీక్ష చేయించుకోండి. అది నయమయ్యే జబ్బే, సిగ్గుపడి దాచుకోవాల్సింది కాదు. నాటు మందులూ, భస్మాలూ వాడుతుంటే వాటి పేర్లు కూడా చెప్పండి. సీసం, ఆర్సెనిక్ లాంటివి కలిసినవైతే నరాలను అవే పాడుచేస్తాయి.

ఇంకొక ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోండి: ఈ మధ్య షుగర్ ఒక్కసారిగా బాగా దిగిందా? చాలా ఎక్కువ ఉన్న హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల్లోనే బాగా తగ్గితే, కొందరికి సరిగ్గా అప్పుడే భయంకరమైన మంటలు మొదలవుతాయి. "ఇన్సులిన్ పడలేదు" అని ఆపేస్తారు. ఆపకండి. ఈ రకం మంట నెలల మీద తగ్గుముఖం పడుతుంది. ఆ సంగతి డాక్టర్‌కి చెబితే షుగర్ ఎంత వేగంగా దించాలో ఆయన చూసుకుంటారు, మంటకు మందూ ఇస్తారు.

3. మందు గురించి డాక్టర్‌తో తేల్చుకోండి

పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలకు ఈ మంట పెద్దగా లొంగదు. పైగా షుగర్ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రోజూ మింగితే కిడ్నీలకు ముప్పు. మెడికల్ షాపులో "కాళ్ల మంటకు ఏదైనా ఇవ్వండి" అని అడగడం ఈరోజుతో మానేయండి.

నరాల నొప్పికి మొదట వాడే మందులు ఇవి: అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రెగాబలిన్, గాబాపెంటిన్. ఏది ముందు అన్నది మీ ఒంట్లో ఇంకేం జబ్బులున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో బ్రిటన్‌లో అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రెగాబలిన్‌లను షుగర్ నరాల నొప్పి ఉన్నవాళ్లమీదే పోల్చి చూశారు. దేనితో మొదలుపెట్టినా ఫలితం ఇంచుమించు ఒకేలా ఉంది. ఒకటి చాలనివాళ్లకు రెండోది కలిపితే ఇంకా తగ్గింది. కాబట్టి పక్కింటాయనకు రాసినది మీకు రాయలేదని దిగులు వద్దు.

డాక్టర్ అడగకపోయినా ఈ విషయాలు మీరే చెప్పండి:

- గుండె జబ్బు, కంట్లో ప్రెషర్ (గ్లకోమా), ప్రోస్టేట్ వల్ల మూత్రం కష్టంగా రావడం. ఇవి ఉంటే అమిట్రిప్టిలిన్ విషయంలో జాగ్రత్త పడతారు.
- కిడ్నీ సమస్య. ప్రెగాబలిన్, గాబాపెంటిన్ మోతాదు తగ్గించాలి.
- లివర్ సమస్య, మద్యం. డ్యులోక్సెటిన్ పనికిరాకపోవచ్చు.
- ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటుంటే. కొన్నిటితో కలిస్తే ప్రమాదం.

ఇక ఇంటికి తెచ్చాక జరిగే పొరపాట్లు. నా అనుభవంలో మందు పనిచేయకపోవడానికి సగం కారణం ఇవే.

*పేరు చూసి భయపడడం.* షీటు తీసుకుని ఫోన్లో వెతికితే "డిప్రెషన్ మందు" అనో "ఫిట్స్ మందు" అనో వస్తుంది. మా నాన్నగారు అమ్మ మందు షీటు పట్టుకుని "దీనికి పిచ్చేం పట్టిందని ఈ మందు రాశాడు?" అని కేకలేశారు. మూడు రోజులు వేసుకోనివ్వలేదు. ఈ మందులు నరం పంపే తప్పుడు సంకేతాలను తగ్గిస్తాయి, అందుకే రాస్తారు. అమిట్రిప్టిలిన్ అయితే నరాల నొప్పికి మొదట 10 మిల్లీగ్రాములతోనే మొదలుపెడతారు, డిప్రెషన్‌కు వాడే మోతాదు అంతకంటే చాలా ఎక్కువ.

*నాలుగు రోజులకే వదిలేయడం.* ఇది తలనొప్పి మాత్ర కాదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. సరైన మోతాదుకు వచ్చాక కనీసం రెండు నుంచి నాలుగు వారాలు, అమిట్రిప్టిలిన్‌కైతే ఆరు వారాల పైన కూడా చూడాలి. మొదటి వారంలో మత్తు, నోరు ఎండడం, కడుపులో తిప్పడం వస్తాయి. చాలామందికి సర్దుకుంటాయి.

*మోతాదు పెంచుకోకుండా మొదటి చీటీ మీదే ఉండిపోవడం.* "మందు పనిచేయలేదు" అన్నవాళ్ల చీటీ చూస్తే చాలాసార్లు ఏడాదిగా మొదటి రోజు రాసిన చిన్న మోతాదే ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి లెక్క పుస్తకంతో వెళ్లి అడగండి.

*నొప్పి వచ్చినప్పుడే వేసుకోవడం.* రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.

*ఒక్కసారిగా ఆపేయడం.* నిద్ర పట్టదు, ఆందోళన, చెమటలు, మంట మళ్లీ రెట్టింపు. ఆపాలనుకుంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఊరెళ్లేటప్పుడు షీటు మర్చిపోవడం కూడా ఆపేయడమే.

రాత్రి మాత్ర పడుకునేటప్పుడు వేసుకుంటే తెల్లవారాక కూడా మత్తు వదలడం లేదా? గంట, రెండు గంటలు ముందుకు జరపవచ్చేమో అడగండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు చటుక్కున నిలబడకండి. మంచం అంచున కాళ్లు వేలాడేసి, నిమిషం కూర్చుని లేవండి. ఈ మందులతో కళ్లు తిరిగి పడి తుంటి విరిగితే మంట కంటే పెద్ద కష్టం. బాత్రూమ్ దారిలో చిన్న లైటు వేసి ఉంచండి.

ప్రెగాబలిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, బరువు పెరుగుతుంది. వాపు వస్తే డాక్టర్‌కి చెప్పండి. వాపు ఉన్న కాలికి పాత చెప్పులు, మెట్టెలు బిగుసుకుంటాయి. దాని గురించి ఐదో మెట్టులో రాశాను, తప్పకుండా చదవండి.

మాత్రలు పడనివాళ్లకు పైపూత ఉంది. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌తోనే చేసిన క్రీము. మిరపకళ్లం మంటకు మిరప మందేమిటని అమ్మ నమ్మలేదు! మొదటి వారం పది రోజులు మంట పెరిగినట్టే ఉంటుంది, తర్వాత ఆ చోట నొప్పి పంపే నరాల కొసలు మందగిస్తాయి. డాక్టర్ చెప్పినన్నిసార్లు, రోజుకు మూడు నాలుగు సార్లు, వారాల పాటు రాస్తేనే ఫలితం. చిరిగిన చర్మం మీద, పుండు మీద రాయకూడదు. రాసిన చేతిని సబ్బుతో కడగకుండా కన్ను నలుపుకోకండి. రాసిన వెంటనే వేడి నీళ్ల స్నానం వద్దు.

ఖర్చు భయపెడుతుంటే డాక్టర్‌ని మందు అసలు పేరు రాయమనండి, జనరిక్ దుకాణంలో, జన ఔషధి కేంద్రంలో అడగండి. డబ్బు తక్కువగా ఉంటే అసలు మందుకే పెట్టండి, రంగురంగుల బలం మాత్రలకు కాదు.

4. రాత్రికి ఏర్పాటు చేసుకోండి

మందు పట్టుకునేదాకా కొన్ని వారాలు గడవాలి కదా. ఆ రాత్రుల కోసం ఇది.

భోజనం తర్వాత కాసేపటికి, మామూలు కుళాయి నీళ్లలో తడిపి పిండిన గుడ్డను పాదాల మీద ఐదు, పది నిమిషాలు కప్పండి. తీశాక వేళ్ల సందులతో సహా మెత్తటి బట్టతో అద్ది తుడవండి. అరికాలికి, మడమకు నూనె పలచగా రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. తేమ నిలిచి పాచి పడుతుంది.

గోరింటాకు పెట్టుకుంటే చల్లగా ఉంటుందని చాలామంది అంటారు. ఇంట్లో రుబ్బిన ఆకైతే, పగుళ్లు లేకపోతే పెట్టుకోండి. నల్లగా పండే కోన్లు మాత్రం వద్దు, వాటిలోని రంగుతో చర్మం పొక్కవచ్చు. ఎర్రగా పండిన పాదం మీద గాయం ఎరుపు కనిపించదు, అదీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు అట్టపెట్టె. మంచం కాళ్ల వైపు, పరుపు మీద, రెండు పాదాలూ లోపల పట్టేలా పెట్టెను బోర్లా పెట్టి ఒక వైపు కోయండి. లేదా పొట్టి ప్లాస్టిక్ స్టూలు పెట్టండి. దాని మీదుగా దుప్పటి కప్పండి. దుప్పటి పాదాలకు తగలదు, చలీ వేయదు. అమ్మకు ఈ పెట్టె పెట్టిన మొదటి రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే గురక పెడుతోంది. మళ్లీ లేపి అడగబుద్ధి కాలేదు, పొద్దున రాసుకున్నాం: ఎనిమిదణాలు, ఐదు గంటల నిద్ర. మందులో మార్పేమీ లేదు ఆ రోజు.

ఫ్యాను గాలి కొందరికి హాయి, కొందరికి అదే మంట. మీకు మంటైతే పెట్టె ఉన్నా సరే, వదులు సాక్సులు వేసుకోండి.

ఇవి మాత్రం ఎంత బాధలోనైనా చేయకండి:

- ఐసు నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చోవడం. స్పర్శ తెలియని పాదం గడ్డకట్టినా తెలియదు.
- వేడి నీళ్ల సంచి, కాపడం, ఉప్పు వేసిన వేడి నీళ్ల తొట్టి. "వేడి తగిలితే తిమ్మిరి పోతుంది" అని పెట్టుకుంటారు, పొద్దున్నే పొక్కులు లేచి ఉంటాయి. నీళ్ల వేడి ఎప్పుడూ పాదంతో చూడకూడదు. మోచేత్తో చూడండి, లేదా షుగర్ లేనివాళ్లు చూడాలి.
- ఘాటు బాములు రుద్ది గుడ్డ గట్టిగా చుట్టడం.

5. పాదానికి స్పర్శ ఉందో లేదో మీరే చూడండి

దీనికి పరికరం అక్కర్లేదు. పడుకోబెట్టి, సాక్సులు తీసి, కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో కుడి బొటనవేలి చివర ఈకలా తాకి, ఒకటి రెండు సెకన్లు ఉంచి తీయండి. తెలిసినప్పుడు "కుడి", "ఎడమ" అని చెప్పాలి. రెండు పాదాలకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు చోట్ల. నొక్కకూడదు, రుద్దకూడదు, ఒకసారి తెలియకపోతే మళ్లీ ప్రయత్నించకూడదు. "ఇప్పుడు తగిలిందా?" అని అడగనూ కూడదు, అడిగితే అందరూ తగిలిందనే అంటారు.

ఆరింటిలో రెండో అంతకంటే ఎక్కువో తెలియకపోతే పాదం ప్రమాదంలో ఉన్నట్టే. డాక్టర్ దగ్గర నైలాన్ దారంతోనో, యంత్రంతోనో సరిగా పరీక్ష చేయించుకోండి.

మా అమ్మకు నాలుగు తెలియలేదు. ఆ సంగతి తెలిసేనాటికే ఒకటి జరిగిపోయింది. ఒక సాయంత్రం కాళ్లు కడుగుతుంటే తువ్వాలుకు రక్తం అంటింది. చూస్తే ఎడమ కాలి రెండో వేలు వాచి, వెండి మెట్టె చర్మంలోకి దిగిపోయి ఉంది. ఎన్ని రోజులైందో ఆవిడకే తెలియదు. "ఎప్పుడూ ఉండే మంటే కదా అనుకున్నానే" అంది. మెట్టె కోయించాల్సి వచ్చింది. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు వదులు మెట్టెలు చేయించాం, పూజలకు పేరంటాలకు పెట్టుకుని ఇంటికి రాగానే తీసేస్తుంది. మీ ఇంట్లోనూ ఇవాళే చూడండి: మెట్టె వేలి చుట్టూ సులువుగా తిరుగుతోందా?

6. రోజూ ఐదు నిమిషాల తనిఖీ

రాత్రి తడిగుడ్డ వేసే ముందే చేస్తే మర్చిపోరు. అరికాలు అద్దంలో, టార్చి వెలుగులో. వేళ్ల సందులు విడదీసి. మడమ పగుళ్లు, ఆనెలు, రంగు మార్పు, తేమ, వాసన. రెండు పాదాలనూ అరచేతి వెనకతో తాకండి, ఒకటి రెండోదానికంటే వేడిగా ఉంటే ఆ రోజే ఫోన్ చేయండి. చూపు తగ్గినవాళ్లకు ఇంట్లోవాళ్లు చూడాలి.

చెప్పులో కాలు పెట్టే ముందు బోర్లించి దులపండి, లోపల వేలు పెట్టి చూడండి. కొత్త చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది. కాగితం మీద పాదం చుట్టూ గీసి, ఆ కాగితాన్ని చెప్పు మీద పెట్టి చూడండి, ఏ వైపూ బయటికి రాకూడదు. మొదటి రోజు గంట మాత్రమే వేసుకుని పాదం చూసుకోండి. ఆనెలు బ్లేడుతో కోసుకోవద్దు, కార్న్ క్యాపులు అంటించొద్దు.

చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు, ఇంట్లో కూడా. ఇక్కడే మనవాళ్లకు చిక్కు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ఆవరణలో బండలు కాలిపోతుంటాయి. మామూలు పాదం గంతులేస్తుంది, మొద్దుబారిన పాదం ప్రదక్షిణలు పూర్తి చేసి ఇంటికొచ్చాక పొక్కులు చూపిస్తుంది. పొద్దున్నే వెళ్లండి, మందపాటి కాటన్ సాక్సులు వేసుకోండి, పట్టాలు పరిచిన దారినే నడవండి. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చెప్పుల్లేకుండా ఉండాలంటారు. స్పర్శ పోయినవాళ్లు ముందుగానే గురుస్వామితో మాట్లాడండి. నేనడిగిన గురుస్వామి "స్వామీ, కాలు ఉంటేనే కదా కొండెక్కేది, చెప్పులు వేసుకోండి" అన్నారు. నిప్పుల గుండం జోలికి మాత్రం వెళ్లనే వద్దు.

బస్సులో ఇంజన్ పక్క సీటు, బండి సైలెన్సరు, ఎండలో ఆగిన కారు కింది రేకు, వీటి వేడి కూడా పాదానికి తెలియదు.

7. కదులుతూ ఉండండి

పుండు లేకపోతే, సరైన చెప్పులతో పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట నడవండి. దూదిమీద నడిచినట్టుండేవాళ్లు గోడ పక్కన, లేదా తోడుతో. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. ఇది మంటను వెంటనే తగ్గించదు, కానీ పడిపోకుండా కాపాడుతుంది, నిద్రకూ సాయం చేస్తుంది.

షుగర్ అదుపు గురించి కూడా నిజమే చెబుతాను. అదుపులో ఉంచితే నరాలు పాడయ్యే వేగం తగ్గుతుంది. ఉన్న మంట మాత్రం షుగర్ దిగగానే పోదు. "షుగర్ బాగానే ఉంది కదా, ఇంకా మంటేమిటి?" అని ఇంట్లో పెద్దవాళ్లను గద్దించకండి. వాళ్లు నటించడం లేదు.

8. ఆరు వారాలకు లెక్క తేల్చండి

పుస్తకం తీసి మొదటి వారం, చివరి వారం పక్కపక్కన పెట్టండి. పదిలో ఏడు ఉన్నది ఐదుకు వచ్చిందంటే మందు పనిచేస్తున్నట్టే. సగానికి దిగితే చాలా మంచి ఫలితం. పూర్తిగా సున్నా కావడం తక్కువమందికే జరుగుతుంది. సున్నా కోసం చూసేవాళ్లు పనిచేస్తున్న మందును కూడా పనికిరాదని పారేస్తారు. నొప్పి అంకె పెద్దగా మారకపోయినా నిద్ర మూడు గంటల నుంచి ఐదుకు పెరిగితే అదీ రాయండి, అదీ ఫలితమే.

ఏమీ మారకపోతే వరుసగా చూడండి. మాత్ర రోజూ పడిందా? మోతాదు పెరిగిందా? బి12 చూశారా? అన్నీ సరిగా ఉంటే, "మందు మార్చాలా, రెండోది కలపాలా?" అని డాక్టర్‌ని అడగండి. రెండు మూడు మందులు చూసినా తగ్గకపోతే న్యూరాలజీ డాక్టర్‌కో, పెయిన్ క్లినిక్‌కో పంపమనండి. మంట ఉన్నట్టుండి పూర్తిగా మాయమైతే వెంటనే సంబరపడకండి, ఐదో మెట్టులోని ఆరు చోట్ల పరీక్ష మళ్లీ చేయండి. నరం తేరుకున్నా మంట పోతుంది, బొత్తిగా చచ్చుబడినా పోతుంది.

రాత్రుళ్లు నిద్ర లేక, బతకాలని లేదనిపించే స్థితికి వస్తే, అది కూడా ఈ జబ్బులో భాగమే. మందు మొదలుపెట్టాక అలాంటి ఆలోచనలు వచ్చినా అంతే. అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే ఇంట్లో ఒకరికీ, డాక్టర్‌కీ చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: లెక్క పుస్తకం, షీట్లన్నీ, ఆరు చోట్ల స్పర్శ ఫలితం, వేసుకునే చెప్పులు. గదిలోకి వెళ్లగానే ఆయన అడగకపోయినా సాక్సులు తీసి పాదాలు చూపించండి.